తోడేలు లేని పరుగు

ఆదివారం పొద్దున చేయాల్సిన పని చాలా చిన్నది. గొల్లలహట్టి అనే చిన్న పల్లె దగ్గర ఎనిమిది మంది బడిపిల్లల్ని నిలబెట్టాలి. అక్కడి నుంచి పావగడ బడి మైదానం దాకా మూడు మైళ్లు పరిగెత్తించాలి. ముందు వచ్చినవాడి పేరు ఒక కాగితం మీద రాయాలి. ఈ మాత్రం పనికి డ్రిల్లు మేష్ట్రు కృష్ణప్ప ఆరు నెలలు తిరిగాడు, పదకొండు అర్జీలు పెట్టాడు, ఇద్దరు గుమాస్తాల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మహారాజావారి కచేరీల్లో చిన్న పనికి పట్టే కాలం అంతే. పెద్ద పనులు అసలు కావు.

చివరికి బెంగళూరు నుంచి వెంకటరామప్ప వచ్చాడు. సంస్థానం మొత్తంలో మైలు పరుగులో అతన్ని దాటినవాడు లేడు. దసరా పోటీల్లో మూడేళ్లు వరసగా పతకం కొట్టాడు. పల్లె పిల్లలతో కలిసి పరిగెత్తి, వాళ్లకు ధైర్యం చెప్పి, వాళ్లలో ఒక్కణ్ని తుమకూరు హాస్టలుకు సిఫారసు చేసే అధికారం అతనికి ఇచ్చారు. ఒక్కణ్నే. అక్కడ చేరినవాడికి తిండి, పడక, చదువు అన్నీ ఉచితం.

మేష్ట్రు మనసులో ఉన్న ఆ ఒక్కడు బోరయ్య. హట్టిలో గొర్రెలు కాసే ఈరప్ప కొడుకు, పదమూడేళ్లవాడు. రోజూ మూడు మైళ్లు పరిగెత్తి బడికొచ్చి, సాయంత్రం మూడు మైళ్లు పరిగెత్తి పోయేవాడు. ఈరప్ప మాత్రం ఒకటే మాట చెప్పేశాడు.

"ఆ బెంగళూరాయన మెచ్చితే తీసుకపో మేష్ట్రూ. మెచ్చలేదా, సోమవారం నుంచి వాడు గొర్రెల ఎనక పోతాడు. నాకు మోకాళ్లు అరిగిపోయినాయి. ఇంక పరిగెత్తలేను."

వెంకటరామప్ప తెల్ల నిక్కరు, తెల్ల బనియను వేసుకుని, ఎండకని తలకు తెల్ల చేతిగుడ్డ కట్టుకున్నాడు. "నా వెనకే రండి. పరుగంటే ప్రాణం పెట్టాల" అని పిల్లలకు చెప్పి ఈల ఊదాడు. మేష్ట్రు పోస్టాఫీసు గుమాస్తా దగ్గర అడిగి తెచ్చిన సైకిలెక్కి వెనక బయల్దేరాడు. నూరు గజాలు పోయాడో లేదో చక్రంలో తుమ్మముల్లు దిగింది. దిగి తోసుకుంటూ నడిచాడు. ఆరు నెలలుగా నడుస్తున్నవాడికి ఇంకో మూడు మైళ్లు లెక్కేమిటి?

ఆ సీమలో ఎవరూ ఊరికే పరిగెత్తరు. ఊరికే పరిగెత్తేంత తిండి ఎవరికుంది? మనిషి పరిగెత్తాడంటే మందలో తోడేలు పడిందన్నమాటే. దానికి గొల్లల్లో ఒక కట్టుబాటు ఉంది. ఒకడు పరిగెడితే చూసినవాడు కర్ర పట్టుకుని, కుక్కను వదిలి, వాడి వెనక పరిగెత్తాలి. ఎందుకని అడగకూడదు. అడిగేలోపల తోడేలు గుట్ట దాటేస్తుంది. నిలబడి అడిగినవాడికి కులపెద్దలు తప్పు వేస్తారు.

వేరుశనగ చేలో కాయ పీకుతున్న రంగక్క తల ఎత్తి చూసింది. ముందు ఒక పెద్దమనిషి, వెనక ఎనిమిది మంది పిల్లలు ప్రాణం పెట్టి పరిగెడుతున్నారు.

"లేయండప్పా! పసిపిల్లోళ్లు గూడా పోతాండారు, మీరేమో గడ్డాలు గోక్కుంటా కూసున్నారు!" అని హట్టి అదిరేట్టు అరిచింది.

ముప్పై మంది లేచారు. కుక్కలు లేచాయి. వెనక కుక్కల అరుపు వినపడగానే వెంకటరామప్ప నిజంగానే ప్రాణం పెట్టాడు. అతను జోరు పెంచేసరికి పిల్లలు పెంచారు. వాళ్లు పెంచేసరికి తోడేలు దగ్గర్లోనే ఉందని ముప్పై మందికీ నమ్మకం కుదిరింది. ఈరప్పకు పోటీ సంగతి తెలుసు. అయినా కర్రలూ కుక్కలూ చూశాక, పోటీ నడుస్తుండగానే తోడేలు పడిందనుకున్నాడు. అరిగిన మోకాళ్లతో వాడూ లేచాడు. పక్క హట్టి, ఆ పక్క హట్టి కూడా అదే కట్టుబాటు మనుషులు. మైలు దాటేసరికి నూట యాభై, రెండో మైలుకు మూడు వందలు అయ్యారు.

"తోడేలు లేదప్పా! ఇది ఆట! ఆట!" అని మేష్ట్రు సైకిలు తోసుకుంటూ గొంతు చించుకున్నాడు.

బొమ్మన్న అనే గొల్ల పరిగెడుతూనే వెనక్కి తిరిగి కసిరాడు. "ఆటలాడే టైమా మేష్ట్రూ ఇది? సదువుకున్నావు, సిగ్గులేదా?"

అంతలో ఎదురుగా బోరయ్య వచ్చాడు. అందరూ పావగడ వైపు పోతుంటే వాడొక్కడే హట్టి వైపు పరిగెడుతున్నాడు.

"రేయ్! పందెం గీత ఆతట్టు ఉండాదిరా! ఈతట్టు యాడికి?" అని మేష్ట్రు అరిచాడు.

"మనుషులంతా అటు పోయినారు సార్. మా మంద కాడ ఎవరూ లేరు" అని వాడు ఆగకుండానే పోయాడు.

మూడు వందల మందిలో బుద్ధిగా ఆలోచించినవాడు వాడొక్కడే. అందుకే ఓడిపోయాడు. మేష్ట్రు సైకిలు పడేసి గట్టు మీద కాసేపు కూర్చున్నాడు. తర్వాత దాన్ని భుజానికెత్తుకుని నడిచాడు.

పావగడలో తాలూకాను ఏలే అమల్దారు కచేరీ వసారాలో కాఫీ తాగుతున్నాడు. కాంగ్రెసువాళ్లు జెండా ఎత్తుతారని భయపడి, అయిదుగురికి మించి గుమికూడరాదని ఆయన టముకు వేయించి నాలుగు రోజులే అయింది. కొండ కింద దుమ్ము లేచింది. దుమ్ములోంచి కర్రలు, కుక్కలు, మూడు వందల మంది మనుషులు కనపడ్డారు. వాళ్ల ముందు తలకు తెల్లగుడ్డ కట్టిన మనిషి ఒకడు! జనం తమంతట తాము కదలరని, ఎవడో కదిలిస్తాడని అమల్దార్ల నమ్మకం. "ముందర వచ్చేవాడే లీడరు, వాణ్ని పట్టుకోండి" అని పోలీసు దఫేదారుకు హుకుం ఇచ్చి ఎదురుగా ఉన్న బడి మైదానంలోకి దిగాడు.

సరిగ్గా అప్పుడే వెంకటరామప్పను దాటుకుని ఒక గొంగడి దూసుకొచ్చింది. ఈరప్ప! సంస్థానంలో ఎవడూ దాటని మనిషిని దాటి, సున్నం గీత తొక్కి, నేరుగా అమల్దారు ముందు ఆగాడు.

"యాడప్పా తోడేలు?"

అమల్దారు మొహం ఎర్రబడింది. "ఎవర్నిరా తోడేలంటాండావు?"

"మా నెత్తురు తాగేదాన్ని సామీ. ఏటేటా వచ్చి ఉండేదంతా ఎత్తుకపోతాది. అడిగే దిక్కు లేదు."

కందాయం పేరుతో ఏటేటా భూమిశిస్తు వసూలు చేసే అధికారికి ఆ గుర్తులు తనవేనన్నదాంట్లో అనుమానపడేందుకు ఏమీ దొరకలేదు. ఈరప్పను, వాడి వెనకే రొప్పుతూ వచ్చిన వెంకటరామప్పను కలిపి ఒకే గదిలో వేసి తాళం పెట్టించాడు.

గంట తర్వాత మేష్ట్రు సైకిలు మోసుకుంటూ వచ్చి జరిగిందంతా చెప్పాడు. దీవానుగారి కచేరీ ముద్ర ఉన్న ఉత్తరం చూపించాడు. అమల్దారు కాఫీ లోటా కింద పెట్టాడు. అరెస్టు మాట కొట్టేసి, 'అమల్దారు ప్రోత్సాహంతో ప్రజా పరుగు పోటీ జరిగింది, మూడు వందల మంది పాల్గొన్నారు' అని అప్పటికప్పుడు రిపోర్టు రాయించాడు.

"మరి ఆ కర్రలు స్వామీ?" అన్నాడు గుమాస్తా.

"కసరత్తుకని రాయవయ్యా!"

తలుపు తీశారు. తోడేలు లేదని తెలిసి జనం నీడలో చతికిలబడ్డారు. ఈరప్ప వాళ్లను చూశాడు, కుక్కల్ని చూశాడు.

"అందరం ఈడే ఉండాం. మందల కాడ ఎవరుండారప్పా?"

మరుక్షణం మూడు వందల మందీ వచ్చినదానికన్నా జోరుగా వెనక్కి పరిగెత్తారు. వెంకటరామప్ప, మేష్ట్రు ఒక ఎద్దుబండి ఎక్కి వెళ్లారు.

హట్టిలో బోరయ్య మోకాళ్లు చీరుకుపోయి కూర్చుని ఉన్నాడు. మనిషీ కుక్కా లేని హట్టిని చూసి తోడేలు నిజంగానే వచ్చిందట. వీడొక్కడే కర్రతో దాన్ని రెండు గుట్టలు దాటేదాకా తరిమాడట. వెంకటరామప్పకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఈరప్పా! ఇట్లాంటి కాళ్లు నేను యాడా చూడలేదప్పా! తోడేల్ని తరిమినాడు నీ కొడుకు!"

"అవునా!" అన్నాడు ఈరప్ప ఛాతీ పొంగించి. "తోడేల్ని తరిమేవాణ్ని తుమకూరికి పంపి నేనేం చేసేది? ఈడే ఉండనీ."

వెంకటరామప్ప ఇంకా మెచ్చుకోబోతుంటే మేష్ట్రు బనియను పట్టి లాగాడు. "చాలు సార్. మీరు మెచ్చేకొద్దీ వాడు ఈడే పాతుకుపోతాడు."

అప్పుడు రంగక్క వచ్చింది. రెండు చేతుల్లో మొదళ్ల దాకా మేసేసిన వేరుశనగ తీగలున్నాయి.

"ఏమయ్యా ఈరప్పా! నీ కొడుకు దొడ్డికడ్డముండే కంప తీసి పారేసి, మళ్లా పెట్టకుండా తోడేలెనక పోయినాడు. నీ గొర్రెలన్నీ నా చేలో పడి ఊడ్చేసినాయి! ఈ ఏడు నేను తినేది ఏంది, మన్నా?"

ఈరప్ప ఆ తీగల్ని చూశాడు.

"తోడేలైతే ఒకదాన్ని తీసుకపోయేది. వీడు మందనంతా చేలోకి తోలినాడు!" అని కొడుకు వైపు తిరిగాడు. "దొడ్డి మూసే బుద్ధి లేనోడు గొర్రెలకేం పనికొస్తాడు? తీసుకపో మేష్ట్రూ! ఈ పొద్దే తీసుకపో! వీడు నా కంటికి కనపడకూడదు."

మేష్ట్రు సంతోషం బయటికి కనపడనీయలేదు, అంత ఓపికా లేదు. హాస్టలు కాగితం తీసి బండి పలక మీద పరిచాడు. 'ఈ విద్యార్థిని పంపడానికి కారణం' అన్న చోట కలం ఆపి కొంచెం ఆలోచించి, 'గొర్రెలు కాయడం రాదు' అని రాశాడు.