ఆఖరి వాయిదాకు గంట సెలవు

ఆ ఉదయం చిల్లర సిస్టర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. వార్డులో ఇంజెక్షన్లు, కట్లు మార్చడాలు ముగించుకుని, పదకొండింటికి గంట సెలవడిగి, బ్యాంకుకు వెళ్లి నర్సింగు చదువు తాలూకు అప్పులో ఆఖరి వాయిదా కట్టేయాలి. తాకట్టులో ఉన్న నాన్న దర్జీ కొట్టు కాగితాలు తెచ్చుకోవాలి. ఒంటిగంటలోపు కడితే పాత జరిమానా మాఫీ. దాటిందా, మరో అయిదు నెలల జీతం హరీ!

ఆరేళ్లుగా ఆమె రాత్రి డ్యూటీ భత్యాలన్నీ ఆ బ్యాంకు నోట్లోనే పోసింది. టీ డబ్బులు పంచుకున్నప్పుడు మిగిలిన పైసలు కూడా అడిగి పుచ్చుకునేది. చిల్లర సిస్టర్ అన్న పేరు అలా వచ్చిందే. దానికామె ఎప్పుడూ నొచ్చుకోలేదు, పేరుకు వడ్డీ కట్టక్కర్లేదు కదా!

తాను లేని గంటలో ఎవరికీ ఇబ్బంది కలగకూడదని ప్రతి రోగికీ ఏమేం మిగిలిందో రిజిస్టరులో వివరంగా రాసింది. మందుల బీరువా తాళాలు తీసుకెళ్లి మేట్రన్ బల్ల మీద పెట్టింది.

"మేడమ్, ఒక్క గంట సెలవు కావాలి. బ్యాంకులో పనుంది. ఇవాళ్టితో నా అప్పు తీరిపోతోందండీ!"

మేట్రన్ రాస్తున్న కలం కింద పెట్టేసింది. ఆ ఏడాది ముగ్గురు నర్సులు సరిగ్గా అప్పు తీరిన వారమే రాజీనామా చేసి వెళ్లిపోయారు. ఆ ముగ్గురూ ముందు బ్యాంకు పనుందని అడిగింది గంట సెలవే. ఇప్పుడు తాళాలు కూడా బల్లమీదకు వచ్చేశాయి.

"నువ్వు ముందు కూర్చో" అని ఆవిడ, ఇంకో నర్సు మానేసేలా ఉందని సూపరింటెండెంటుకు ఫోన్ చేసింది.

ఆయన రొప్పుతూ వచ్చాడు. "నీకేం తక్కువ చేశామమ్మా?"

"ఏం తక్కువ లేదు సార్. ఒంటిగంటలోపు వెళ్లాలి, అంతే."

"ఎంత తొందరో చూశారా!" అంది మేట్రన్.

"అక్కడ జీతం ఎంతిస్తామన్నారు?" అని ఆయన నిలదీశాడు.

"వాళ్లివ్వరు సార్. నా దగ్గరే తీసుకుంటారు."

సూపరింటెండెంటు నెత్తి పట్టుకున్నాడు. "డబ్బు గుంజి ఉద్యోగాలిప్పిస్తామనే ముఠా అన్నమాట! చెక్కు రాసిచ్చావా?"

"సంచీలో ఉంది సార్. ఇచ్చేస్తేనే మా నాన్న కొట్టు కాగితాలు వెనక్కిస్తారు."

"కొట్టు కాగితాలు కూడా వాళ్ల చేతిలోనేనా!" మేట్రన్ చటుక్కున సంచీ లాక్కుని ఒళ్లో పెట్టుకుంది.

బ్యాంకు పనేనని ఆమె ఎంత చెబితే వ్యవహారం అంత చెడింది. పన్నెండున్నరయ్యేసరికి చిల్లర సిస్టర్‌కు ఏడుపొచ్చేసింది. "మీ కాళ్లు పట్టుకుంటాను, నన్ను వెళ్లనివ్వండి!"

"ఒంటరిగా పంపేది లేదు. నేనే వస్తా, వాళ్ల అంతు చూస్తా" అని సూపరింటెండెంటు ఖాళీగా ఉన్న అంబులెన్సు తీయించాడు.

బ్యాంకులో వరస గుమ్మం దాకా ఉంది. గోడగడియారం ఒంటిగంటకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. మెడలో స్టెతస్కోపుతో సూపరింటెండెంటు, సంచీ గుండెలకు హత్తుకుని మేట్రన్, వెనక ఏడుస్తున్న నర్సు. బయట అంబులెన్సు! జనం కంగారుపడి దారిచ్చారు.

"ఈ పిల్ల డబ్బు తీసుకునేదెవరు?" సూపరింటెండెంటు గర్జించాడు.

మేనేజరు పరుగున వచ్చాడు. ఎవరి ప్రాణం మీదకు వచ్చిందోనని ఒక్క ప్రశ్నా వేయకుండా చెక్కు అందుకుని, ముద్రలు కొట్టి, కాగితాలు చేతిలో పెట్టాడు. ఇంకా నాలుగు నిమిషాలు మిగిలే ఉన్నాయి.

సూపరింటెండెంటు చుట్టూ చూశాడు. "ఇది... నిజంగా బ్యాంకేనా?"

"బోర్డుంది సార్" అంది మేట్రన్ నెమ్మదిగా.

చిల్లర సిస్టర్ అక్కడే కుర్చీలో కూలబడి హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఆరేళ్ల బరువు దిగిపోయి ఒళ్లంతా తేలిగ్గా ఉంది. నాన్నకు ఫోన్ చేసింది. "కొట్టు మనదైపోయింది నాన్నా!"

అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది. "ఇవాళైనా కడుపునిండా తిను తల్లీ" అన్నాడాయన.

అసలామెకు ఆ ఆసుపత్రి వదిలే ఆలోచనే లేదు. అదే మాట వందసార్లు చెప్పినా సూపరింటెండెంటుకు అనుమానం పోలేదు. సాయంత్రం ఆమెను పిలిచి, ఆమె నోరు తెరిచి అడగకుండానే జీతం పెంచుతూ ఉత్తరం చేతికిచ్చాడు.

మర్నాడు ఉదయం ఆ వార్డులో ఏడుగురు నర్సులు బ్యాంకు పనుందని గంట సెలవు అడిగారు.