మూత పెట్టి తీసిన ఫోటోలు

ఆ రోజు వరప్రసాద్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికల్లా ఫిల్మ్ నగర్‌లోని స్టూడియోకి చేరుకోవాలి, తొమ్మిదిలోపు తన గెలాక్సీకి తుది మెరుగులు దిద్దుకోవాలి, సాయంత్రం ఐదులోపు దాన్ని ప్రదర్శనకు పంపెయ్యాలి. మధ్యలో ఎవరూ తనతో మాట్లాడకపోతే మరీ మంచిది. నలభై ఆరేళ్ళు వచ్చిన మనిషి ఇంతకంటే చిన్న కోరిక కోరలేడు పాపం.

అతను కలరిస్టు, అంటే తీసిన సినిమాకు రంగులు దిద్దేవాడు. హీరో కళ్ళ కింద నిద్రలేమిని చెరిపెయ్యడం, మిట్టమధ్యాహ్నం తీసిన సీనును సాయంత్రంగా మార్చడం, నిర్మాత "ఇంకొంచెం రిచ్‌గా" అంటే ఇంకొంచెం రిచ్‌గా చెయ్యడం. పద్దెనిమిదేళ్ళుగా సెల్లార్‌లో, ఏసీ గదిలో, చీకట్లో ఇదే బతుకు. అరవై రెండు సినిమాలకు పనిచేశాడు. అన్నిటికీ పేరు పడింది కూడా, కాకపోతే చిట్టచివర పడింది. అప్పటికి జనం లేచి చెప్పులు వెతుక్కుంటూ, పార్కింగ్‌లో బండి ఎక్కడ పెట్టామా అని ఆలోచిస్తూ ఉంటారు. భార్య మంజులత ఒక్కతే ఆగి చూసేది. ఈ మధ్య ఆవిడ కూడా "పడే ఉంటుందిలెండి, నేను నమ్ముతాను" అని లేచిపోతోంది.

అందుకే ఈ గెలాక్సీ పిచ్చి పట్టుకుంది. నిరుడు ఒక చిన్న టెలిస్కోప్ కొన్నాడు. వికారాబాద్ అవతల స్నేహితుడి మామిడితోటలో దోమలకు రక్తదానం చేసి, ఒకే గెలాక్సీని నూటయాభై ఫోటోలు తీశాడు. సుడి తిరిగిన ఒక పెద్ద గెలాక్సీ, దాని తోక చివర వేలాడే ఒక చిన్న గెలాక్సీ. విడివిడిగా చూస్తే ఏ ఫోటోలోనైనా బూజు మరక తప్ప ఏమీ ఉండదు. అన్నిటినీ కంప్యూటర్‌లో ఒకదానిమీద ఒకటి పేర్చి, నలుపులోంచి వెలుగును కొద్దికొద్దిగా పైకి లాగితే అప్పుడు ఆ సుడులు బయటపడతాయి. దీనికి తోడు ఇంకో తతంగం ఉంది. టెలిస్కోప్‌కు మూత పెట్టి మరో నలభై ఫోటోలు తీయాలి. వాటిలో ఉత్త చీకటి, ఆ చీకట్లో కెమెరా తనంతట తాను పుట్టించే సన్నటి మచ్చలు పడతాయి. అసలు ఫోటోల్లోంచి ఆ మచ్చల్ని తీసెయ్యాలంటే ఇవి కావాలి. ఈ సంగతి చెప్పినప్పుడు మంజులత కాసేపు అతని ముఖంలోకి చూసి, "మూత పెట్టి ఫోటోలు తీశారా? నలభై తీశారా?" అని అడిగి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నగరంలో ఆకాశం పిచ్చివాళ్ళ సంఘం ఒకటి ఏటా ప్రదర్శన పెడుతుంది. అందులో కొత్తవాళ్ళకు ఒక వరస. ఫోటో కింద తీసినవాడి పేరు ఉంటుంది, ఒక్కడి పేరే ఉంటుంది, జనం నిలబడి చదువుతారు. వరప్రసాద్‌కు కావలసిందల్లా అదే. ఇంట్లో ఉన్న లాప్‌టాప్ మూడో ఫోటోకే మూలుగుతోంది కాబట్టి, ఫోటోలన్నీ ఉన్న ఒకే ఒక హార్డ్ డిస్క్ పట్టుకెళ్ళి స్టూడియో మిషన్ వాడక తప్పలేదు. అక్కడ సొంత పని చేసుకోవడం నిషేధం. పోయినేడాది ఒకడు మరదలి పెళ్ళి వీడియో కట్ చేసుకుంటూ దొరికిపోయి, ఆ మధ్యాహ్నం భోజనానికి కూడా ఆగకుండా ఇంటికి వెళ్ళిపోవాల్సి వచ్చింది.

ఏడున్నరకల్లా గెలాక్సీ తయారైంది. ఒట్టి తయారు కాదు, నిగనిగలాడింది. అలవాటైన చెయ్యి కదా, మచ్చలన్నీ తుడిచి, సుడులకు కాస్త గులాబీ రంగు అద్ది, నడిమధ్య కాంతిని నున్నగా చేసి, తెలియకుండానే దానికి హీరోకు చేసే సేవలన్నీ చేసేశాడు. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో వేసి జేబులో పెట్టుకున్నాడు. మూలన ఒక్క ఎర్రటి మరక మాత్రం పోలేదు. మూతలోంచి వెలుతురు దూరిందేమోనని అనుమానం వచ్చింది. పరీక్షించడానికి ఆ నలభై చీకటి ఫోటోలను సెకనుకొకటి చొప్పున పెద్ద తెర మీద ఆడేలా వరసగా పేర్చి, చివర గెలాక్సీని పెట్టి, ముఖం కడుక్కోవడానికి బయటికి వెళ్ళాడు.

సరిగ్గా అప్పుడే నిర్మాత చలపతిరావు దిగాడు. ఆయన మూడేళ్ళుగా ఒక పౌరాణికం తీస్తున్నాడు. రంగులు దిద్దడం ఆ రోజే మొదలు. తెర మీద మొట్టమొదట దేవుడి పటం పడాలి, హారతి ఇవ్వాలి, కొబ్బరికాయ కొట్టాలి, ఆ తరవాతే సినిమా. ముహూర్తం తొమ్మిదీ పన్నెండుకు ఉండగా, సిద్ధాంతి గారు తెల్లవారుజామున ఫోన్ చేసి ఏడూ నలభైకి జరిపాడు. చలపతిరావు భార్య సీతామహాలక్ష్మి గారు హారతి పళ్ళెంతో వచ్చింది, వెనకే పట్టుచీరల బంధువులు ఏడుగురు.

స్టూడియో మేనేజర్ కమలాకర్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. దేవుడి పటం రాత్రే ఎక్కించమని వరప్రసాద్‌కు చెప్పి ఉన్నాడు. వరప్రసాద్ ఎక్కించాడు కూడా, వేరే ఫోల్డర్‌లో. ఆ సంగతి కమలాకర్‌కు తెలియదు. టైం ముంచుకొస్తోంది. కర్పూరం వెలిగింది. కమలాకర్ మీట నొక్కాడు.

తెర నల్లగా ఉంది. అందరూ చేతులు జోడించి చూస్తున్నారు. ఐదు సెకన్లు గడిచాయి. పది సెకన్లు గడిచాయి. కర్పూరం మండుతూనే ఉంది. "ఏంటయ్యా ఇది? మొదటిరోజే నలుపేంటి?" అన్నాడు చలపతిరావు. అప్పుడే తలుపు తోసుకుని వచ్చిన వరప్రసాద్‌కు తుండు చేతిలోనే ఉండిపోయింది. కమలాకర్ అతని ముఖం చూశాడు, తెర చూశాడు, జరిగింది సగం అర్థం చేసుకున్నాడు. మిగతా సగం తనే కల్పించాడు.

"సార్, జర చూస్తుండుండ్రి. గిది శూన్యం సార్. సృష్టికి ముందు ఏముంటది? గిదే ఉంటది."

నలభై సెకన్లు దాటగానే గెలాక్సీ విరిసింది. పట్టుచీరలన్నీ ఒక్కసారి "అబ్బ" అన్నాయి. సీతామహాలక్ష్మి గారు హారతి ఇచ్చేసింది. చలపతిరావు కొబ్బరికాయ కొట్టాడు, అది సమంగా రెండు చెక్కలైంది. ఇంకేముంది, అయిపోయింది.

"గ్రాఫిక్స్ కంపెనీవాళ్ళు మూడేళ్ళు తిప్పినా ఇవ్వలేదయ్యా ఇలాంటి ఓపెనింగు! ఎవరు చేశారు?" అన్నాడాయన.

"మా ప్రసాదన్ననే సార్. మీకు సర్ప్రైజ్ ఇద్దామని పొద్దుగాల ఆరింటికే వచ్చి కూసున్నడు," అన్నాడు కమలాకర్. తరవాత వరప్రసాద్ చెవిలో, "అన్నా, నోరు మూసుకో. సొంత పని అని తెలిస్తే పెళ్ళి వీడియోనే," అన్నాడు.

వరప్రసాద్ నోరు మూసుకున్నాడు. గంట తిరక్కుండానే కరెక్షన్లు మొదలయ్యాయి. ముందుగా ఫోన్‌లో సిద్ధాంతి గారు. సుడి ఎడమవైపు తిరుగుతోందని ఎవరో చెప్పారట, అది అప్రదక్షిణం, సినిమాకు అరిష్టం. "తిప్పెయ్ ప్రసాదూ, ఎంత పని!" అన్నాడు చలపతిరావు. బొమ్మ తిప్పడం ఒక్క మీట పనే. కానీ విశ్వం అలా లేదు. వరప్రసాద్ గుండె రాయి చేసుకుని తిప్పాడు. తరవాత బావమరిది గారికి గులాబీ నచ్చలేదు, బంగారం కావాలన్నాడు. బంగారం వచ్చింది. ఆ తరవాత హీరో మేనేజర్ వచ్చి, హీరో ఎంట్రీకి ముందు తెర మీద ఇంత వెలుగు ఉంటే ఎంట్రీ తేలిపోతుందని తేల్చాడు. నడిమధ్య కాంతి సగానికి తగ్గింది. టీ వచ్చింది, చల్లారింది, ఇంకో టీ వచ్చింది. ఒంటిగంట అయింది. పద్దెనిమిదేళ్ళుగా ఇతరుల ముఖాల గురించి ఇవే మాటలు విన్నాడు కానీ, తన సొంత ముఖం గురించే అంటున్నట్టు అనిపించడం అతనికి ఇదే మొదటిసారి. 

మధ్యాహ్నం మూడింటికి సీతామహాలక్ష్మి గారు భోజనం చేసి వచ్చి, తెర ముందు కూర్చుని, చాలాసేపు చూసింది.

"అన్నీ బావున్నాయి గానీ, ఆ పెద్దదాని కొంగు పట్టుకుని వేలాడుతోందే, ఆ చిన్నది ఎవరండీ?"

చలపతిరావు ఎందుకో గొంతు సవరించుకున్నాడు. "ఎవరూ కాదు సీతా, ఊరికే ఉంది."

"ఊరికే ఎందుకుంటుంది? పెద్దదానికి లేని ఒద్దికేదో దానికి ఉన్నట్టు! తీయించెయ్యండి."

"తీసెయ్ ప్రసాదూ," అన్నాడు చలపతిరావు మరీ తొందరగా.

వరప్రసాద్ చెయ్యి మౌస్ మీదికి వెళ్ళి ఆగింది. ఆ చిన్నదాని వెలుగు రెండు మూడు కోట్ల ఏళ్ళు నడిచి నడిచి, చివరికి వికారాబాద్ మామిడితోటలో తన టెలిస్కోప్‌లో పడింది. అంత దూరం వచ్చినదాన్ని ఫిల్మ్ నగర్‌లో చెరిపెయ్యడానికి అతనికి మనసు రాలేదు. ఏడుపొచ్చినంత పనైంది. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాడు.

"తీయలేనండి. ఇది గ్రాఫిక్స్ కాదు. నిజం గెలాక్సీ. నేను తీసుకున్న ఫోటో."

వెనక కమలాకర్ తల పట్టుకున్నాడు. చలపతిరావు తెర వైపు, వరప్రసాద్ వైపు మార్చి మార్చి చూశాడు.

"అంటే... ఇది పైన ఉందా?"

"ఉందండి."

"ఎవడైనా తీసుకోవచ్చా?"

"ఓపికుంటే తీసుకోవచ్చండి."

"మరి నాకెందుకయ్యా ఇది!" చలపతిరావు కుర్చీలోంచి లేచాడు. "రేపు ఇంకోడు తన సినిమాలో ఇదే పెట్టుకుంటే నేనేం కావాలి? సొంతంగా చేశావనుకుని పొద్దుటినుంచీ మెచ్చుకుంటున్నాను. తీసెయ్, మొత్తం తీసెయ్."

వరప్రసాద్‌కు ప్రాణం లేచొచ్చింది. గెలాక్సీ తనది తనకు దక్కింది. ఐదవడానికి ఇంకా టైముంది. హార్డ్ డిస్క్ తీగలు పీకబోతుంటే చలపతిరావు గుమ్మం దగ్గర ఆగాడు.

"ఆ చీకటి? అది కూడా పైన ఉన్నదేనా?"

అబద్ధమాడే ఓపిక కూడా లేదతనికి. "కాదండి. అది మూత పెట్టి తీసింది."

"ఎవడైనా తీస్తే ఇలాగే వస్తుందా?"

"ఏ కెమెరా మచ్చలు ఆ కెమెరావేనండి. ఇంకోదానికి ఇలా రావు."

"అదీ! అది నీ సొంతం. అసలు పొద్దున నాకు ఒళ్ళు జలదరించింది ఆ నలుపుకేనయ్యా. ఏదో కదిలినట్టుంది అందులో. కాయ కూడా దానికే సమంగా పగిలింది. నలభై సెకన్లూ ఉంచు. ఓపెనింగ్ అదే." ఆయన వేలు చూపించాడు. "బయటికి మాత్రం రాకూడదు. లీకైతే మర్యాద దక్కదు."

పది నిమిషాల్లో ఆ హార్డ్ డిస్క్‌కు కుంకుమ బొట్టు పెట్టి, గుడ్డలో చుట్టి, కమలాకర్ బీరువాలో పెట్టి తాళం వేశాడు. పంపాల్సిన ఫోటో ఎలాగూ జేబులో ఉంది కనుక వరప్రసాద్ పట్టించుకోలేదు. నాలుగున్నరకు పెన్‌డ్రైవ్‌లో ఉన్న కాపీ పంపించి, కుర్చీలో వెనక్కి వాలాడు. నాలుగూ నలభై ఐదుకు ఫోన్ మోగింది. సంఘం పెద్ద వెంకటరామయ్య గారు, ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరైన మనిషి.

"చూడండి నాయనా, చాలా అందంగా ఉంది. అదే ఇబ్బంది. ఇంత నున్నగా, ఇంత గులాబీగా ఏ గెలాక్సీ ఉండదు. మీరు సినిమాలో పని చేస్తారట కదా? ఇది గ్రాఫిక్స్ అంటున్నారు మావాళ్ళు."

"అయ్యో, లేదండి! నిజంగా నేనే తీశానండి!"

"నేను కాదనడం లేదు. మూత పెట్టి తీసిన ఫోటోలు ఉంటాయిగా, అవి పంపండి. గ్రాఫిక్స్ చేసేవాడు మూత పెట్టి ఎందుకు తీస్తాడు? అవి చూస్తే మాకు నమ్మకం. ఐదింటికి గడువు."

వరప్రసాద్ మేడమెట్లు ఎలా ఎక్కాడో అతనికే తెలియదు. కమలాకర్ బీరువాకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"అన్నా, నా మాటిను. గా చీకటి సినిమాది అనుకుంటేనే నువ్వు పొద్దున చేసింది ఆఫీసు పని. నీదే అన్నవనుకో, సొంత పని అయితది. నీ నౌకరీ పోతది, నాది గూడ పోతది."

"నలభై ఫోటోలు కమలాకర్! నల్లటి ఫోటోలు! అందులో ఏముందయ్యా లీకవడానికి?"

"ఏమీ లేదన్నా. గందుకే సార్‌కు భయం."

మళ్ళీ మూత పెట్టి తీయాలంటే ఫోటోకు రెండు నిమిషాల చొప్పున ఎనభై నిమిషాలు. గడువుకు మిగిలింది తొమ్మిది. వరప్రసాద్ మేనేజర్ టేబుల్ ముందు కూర్చుని, ఆ తొమ్మిది నిమిషాలూ గోడ గడియారం చూశాడు. తరవాత కమలాకర్ తెప్పించిన చాయ్ తాగి, వెంగళరావు నగర్‌లోని తన ఇంటికి వెళ్ళే దారిలో ట్రాఫిక్‌లో ఇరుక్కుని, చేరగానే పడుకున్నాడు.  

ఆ ఏడాది ప్రదర్శనలో కొత్తవాళ్ళ వరసలో అతని ఫోటో లేదు. సినిమా మాత్రం దసరాకు విడుదలైంది. మంజులత పట్టుబడితే మొదటిరోజే వెళ్ళారు. హాల్లో దీపాలు ఆరాయి, తెర నల్లబడింది. ఐదు సెకన్లు, పది సెకన్లు. "అరే, ప్రొజెక్టర్ చాలూ చెయ్యండ్రా!" అని వెనకనుంచి ఎవడో అరిచాడు. ఇంకొకడు ఈల వేశాడు. ఆ తరవాత, మొట్టమొదట, ఇంకా ఎవరి పేరూ పడకముందే, ఆ నలుపు నడిమధ్య తెల్లటి పెద్ద అక్షరాల్లో "ఆరంభ దృశ్యం: వరప్రసాద్" అని పడింది. ఒక్కరు కూడా చెప్పులు వెతుక్కోలేదు. హాలంతా నోరు మూసుకుని ఆ పేరు చదివింది, చదవడానికి తెర మీద ఇంకేమీ లేదు మరి.

మంజులత అతని చెయ్యి మీద చెయ్యి వేసింది.

"ఇన్నేళ్ళకు మీ పేరు బాగా కనిపించిందండీ. వెనకాల ఏమీ అడ్డం లేదుగా!"