గాలిపెట్టెకు మూడు కవర్లు

ఆరు స్కూలు చొక్కాలకు మధ్యాహ్నంలోగా కాలర్లు వేసెయ్యాలని కవరమ్మ పొద్దున్నే కుట్టుమిషను ముందు కూర్చుంది. రెండో కాలరు సూది కింద ఉండగా, కోడలు ఒక తెల్లటి పెట్టె పట్టుకొచ్చి బాల్కనీ చువ్వలకు బిగించసాగింది.

కవరమ్మ అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. ఆ ఇంట్లో ఫ్రిజ్జుకు కవరు, మిక్సీకి కవరు, టీవీకి కవరు, టీవీ రిమోటుకు కవరు, ఆ రిమోటు పెట్టే డబ్బాకు మరో కవరు. కదలకుండా ఒకచోట ఉన్న వస్తువు ఏదైనా సరే, రెండోరోజుకల్లా దాని ఒంటినిండా గుడ్డ పడేది. సెలవురోజున కొడుకు బారెడు పొద్దెక్కినా లేవకపోతే, "లేవండి, అత్తయ్య టేపు తీశారు!" అని కోడలు కేకేసేది. అతను దిగ్గున లేచి కూర్చునేవాడు.

"ఏమిటమ్మాయ్ అది, లైటా?"

"కాదత్తయ్యా, గాలిలో దుమ్మెంతుందో కొలిచే పెట్టె. ఊళ్లో ముప్ఫై చోట్ల పెడుతున్నాం. చూసిన అంకెని నేరుగా మా ఆఫీసుకి పంపేస్తుంది. అంకె పెరిగితే గాలి పాడైనట్టు, తగ్గితే బాగున్నట్టు."

"ఇంతకీ దీనివల్ల నీకేం ఒరుగుతుంది?"

కోడలు స్క్రూ తిప్పడం ఆపింది. గాలి, ఆరోగ్యం మీద పరిశోధన చేసే సంస్థలో మూడేళ్లుగా ఆమెది తాత్కాలిక ఉద్యోగం. "మూడు నెలలయ్యాక మా పెద్దసారుకి రిపోర్టు ఇవ్వాలి. అది బాగుంటే నా ఉద్యోగం పర్మనెంటు. లేకపోతే మీ పక్కన కూర్చుని గుండీలు కుట్టుకోవడమే."

"నువ్వు గుండీలు కుడితే పిల్లలు అదే చొక్కాతో పెద్దవాళ్లైపోతారు గానీ, వెళ్లు, వెళ్లి ఉద్యోగం చూసుకో. పెట్టె సంగతి నాకొదిలెయ్."

"జాగ్రత్త అత్తయ్యా. దానికేమైనా అయితే నా పని అయిపోయినట్టే!"

జాగ్రత్త అన్న మాటకు కవరమ్మకు తెలిసిన అర్థం ఒక్కటే. ఎదురుగా పిండిమర, వెనక బస్సుల గ్యారేజీ. సాయంత్రానికే ఆ తెల్లపెట్టె మీద వేలితో గీత గీస్తే కనిపించేంత దుమ్ము పేరుకుంది. ఆవిడ ప్రాణం ఉసూరుమంది. దుమ్ము కొలవాల్సిన పెట్టెకే దుమ్ము పడితే కోడలి ఉద్యోగం ఏం కావాలి? మర్నాడు చేతిలో పని పక్కన పడేసి, మిగిలిన నీలం గుడ్డతో చక్కటి కవరు కుట్టింది. అడుగున ఎలాస్టిక్, వెనకాల నాలుగు టిచ్ బటన్లు, చూసినవాళ్లు నలుగురూ మెచ్చుకోవాలని చుట్టూ చిన్న కుచ్చు.

కోడలు అది చూడలేదు. ఆమె ఎనిమిదింటికి వెళ్తే చీకటి పడ్డాకే రావడం, బాల్కనీ నిండా ఎప్పుడూ బట్టలు ఆరేసి ఉండటం. పైగా ఆమెకు గాలిని కంప్యూటరు తెరమీద చూడటమే అలవాటు.

వారం తిరక్కుండా ఆమె చెప్పులైనా విప్పకుండా లోపలికి పరుగెత్తుకొచ్చింది. "అత్తయ్యా! ఊరంతట్లోకీ మన వీధి గాలే శుభ్రమట! మా పెద్దసారు నమ్మలేకపోతున్నారు!"

"బాగా చూసుకుంటే ఏదైనా బాగుంటుందమ్మాయ్," అంది కవరమ్మ దారం కొరుకుతూ.

పెద్దసారు వచ్చి వీధిలో ఆ చివర నుంచి ఈ చివరికి రెండుసార్లు నడిచి, మలుపు దగ్గర ఆగి ఫొటో తీయించుకున్నారు. వీధికి ఉన్న ఆ వంపువల్ల గాలి గిరగిరా తిరిగి తనను తానే కడుక్కుంటోందని పేపరువాళ్లకు చెప్పారు. పిండిమర ముసలాయన మాత్రం ఒప్పుకోలేదు.

"వంపేమిటండీ వంపు! ముప్ఫై ఏళ్ల నుంచి నేను గాల్లోకి పిండి చల్లుతున్నా. పాడు దుమ్మంతా దానికి అంటుకుని కింద పడిపోతోంది. నా ఫొటో తియ్యరేం?"

పేపర్లో పడ్డ మర్నాటి నుంచి జనం మొదలయ్యారు. పొద్దున నడిచేవాళ్లు కార్లలో వచ్చి, ఇంజన్లు ఆపకుండానే దిగి నడవసాగారు. ఆయాసం ఉన్నవాళ్లను ఆటోల్లో తెచ్చి, కుర్చీలేసి కూర్చోబెట్టేవారు. ఇంతమంది ఊరికే గాలి పీల్చుకుంటుంటే చూడలేక ఒకాయన టీ బండి పెట్టాడు. దాని పక్కన జొన్నపొత్తులు కాల్చే బండి కూడా వెలిసింది. ఆరేసిన తెల్లచొక్కాలు సాయంత్రానికి బూడిదరంగుకు తిరుగుతున్నాయి. కవరమ్మకు దగ్గు పట్టుకుంది.

"పెట్టె గతేం కాను!" అనుకుని, నీలం కవరు మీద దళసరి కాకీగుడ్డతో రెండోది తొడిగింది.

అంకె ఇంకా తగ్గింది. ఆ సంగతీ పేపర్లో వచ్చింది. జనం రెట్టింపయ్యారు, పొగ రెట్టింపైంది. కవరమ్మ ఈసారి పాత దుప్పటి కత్తిరించి, లోపల లైనింగు వేసి మూడోది కుట్టింది. అంకె ఎనిమిదికి దిగింది. అంత తక్కువ అంకె కొండల మీద తప్ప ఉండదని పెద్దసారు ఒక సభలో చెప్పి కళ్లు తుడుచుకున్నారట.

"రేపు శుక్రవారం సారు మనింటికే వస్తున్నారత్తయ్యా," అంది కోడలు అన్నం కలుపుతూ. "పెట్టె చూసి, రిపోర్టు మీద సంతకం పెట్టేస్తారు. నాకు గుండె దడదడలాడుతోంది."

"దేనికే దడ? రానీ. చూసి మురిసిపోతారు."

పెద్దసారు మెట్లెక్కి వచ్చేసరికి దగ్గుతో మాట పెగల్లేదు. మంచినీళ్లు తాగి, "ఈ వీధిలోకొచ్చాక... ప్రాణం... హాయిగా ఉందమ్మా," అన్నారు. వెనకాలే పిలవకుండా పిండిమర ముసలాయన కూడా వచ్చాడు. కవరమ్మ ఆరేసిన బట్టలు పక్కకు జరిపింది.

చువ్వలకు దుప్పటి మూట ఒకటి వేలాడుతోంది.

"పెట్టె ఏదీ?" అన్నారు సారు.

"లోపల వెచ్చగా ఉంది సార్. చూపిస్తానుండండి." కవరమ్మ ఎంతో మురిపెంగా దుప్పటి కవరు బటన్లు టిక్కు టిక్కుమని విప్పింది. కోడలి చేతిలోని ఫోన్లో ఎనిమిది కాస్తా కాసేపటికి నలభై అయింది. కాకీ కవరు ఊడింది. నూట పది. నీలం కుచ్చు కవరు ఊడింది.

"రెండొందల ముప్ఫై," అంది కోడలు.

"అరే, పిల్ల మంచి మార్కులే తెచ్చుకుందే!" అన్నాడు మర ముసలాయన.

కోడలి మొహంలో నెత్తురుచుక్క లేదు. అది చూశాక కవరమ్మకు విషయం మెల్లగా తలకెక్కింది. మూడు నెలలుగా ఆఫీసుకు వెళ్లింది వీధి గాలి లెక్క కాదు, తన కవర్లో గాలి లెక్క.

"సార్, తప్పు నాది," అంది టిచ్ బటన్లు గుప్పిట్లో నలుపుతూ. "మా కోడలికేం తెలీదు. నన్ను ఎన్నైనా అనండి, పడతాను. దాని ఉద్యోగం మాత్రం తీసెయ్యకండి. దానికి కుట్టుపని బొత్తిగా రాదు."

వీధి వంపు మీద తాను చేసిన ఉపన్యాసాలన్నీ సారు కళ్లముందు తిరుగుతున్నట్టున్నాయి. కోడలు ఫోను వైపు చూసింది. నేలమీద పడున్న మూడు కవర్ల వైపు చూసింది. చటుక్కున పెట్టె మూత తెరిచింది. లోపల దుమ్ము రవ్వయినా లేక అద్దంలా ఉంది.

"సార్, మిగతా ఇరవై తొమ్మిదింట్లో ఇవాళ పనిచేస్తున్నవెన్ని?"

"ఏడు," అన్నారు సారు నీరసంగా. "కొన్ని తడిసిపోయాయి, కొన్ని దుమ్ము పట్టి మూగబోయాయి. ఒకదాంట్లో పావురం గుడ్లు పెట్టింది."

"ఇది మాత్రం కొత్తదానిలా ఉంది సార్. ఇంకోటి... ఒక్కో కవరు తీస్తుంటే అంకె ఎంతెంత పెరిగిందో ఇప్పుడే కళ్లారా చూశాం. మామూలు గుడ్డ ఎన్ని పొరలైతే ఎంత దుమ్ము ఆపుతుందో మనకి తెలిసిపోయింది. అత్తయ్యా, ఏది ఎప్పుడు తొడిగారు?"

"నీలంది పెట్టె వచ్చిన మర్నాడు. కాకీది టీ బండి వచ్చాక. దుప్పటిది నాకు దగ్గు ముదిరాక."

సారు దుప్పటి కవరు అందుకుని, తిరగేసి, లోపలి లైనింగు తడిమి చూశారు. ముఖంలో మెల్లగా రంగు తిరిగొచ్చింది.

"నేను మొదట్నుంచీ అనుకుంటున్నది ఇదే," అన్నారు.

రిపోర్టు పేరు 'గుడ్డ పొరలు ఆపే దుమ్ము' అని మారింది. అసలు అంకె పేపర్లో పడగానే కార్లు, బళ్లు ఒక్కరోజులో మాయమై, వీధి మళ్లీ పిండి వాసన వేసింది. నెల తిరిగేసరికి కోడలి ఉద్యోగం పర్మనెంటైంది. పాడైన పెట్టెలన్నీ మార్చి, ముప్ఫైకీ కవర్లు కుట్టే పని కవరమ్మకే అప్పగించారు.

"కానీ అత్తయ్యా, గాలి లోపలికి పోవడానికి ముందువైపు సీసామూతంత రంధ్రం తప్పకుండా ఉండాలి. ఉంటుందా?"

"ఒకసారి చెబితే చాలదూ? నేనేమన్నా చిన్నపిల్లనా!"

అన్నమాట ప్రకారం ముప్ఫై కవర్లకూ ముప్ఫై రంధ్రాలు కత్తిరించి, అంచులకు కాజాకుట్టు వేసింది. తీరా చూస్తే అంత అందమైన రంధ్రాల్లోంచి దుమ్ము లోపలికి పోతుందేమోనని మనసొప్పక, ఒక్కోదానికి ఒక్కో టిచ్ బటన్‌తో చిన్న మూత కూడా కుట్టింది.