ఏ ముడో చెప్పని నోటీసు

పెద్ద అడవి ఒకటుండేది. ఆ అడవికంతటికీ గింజల కొట్టు ఒక్కటే, అది ఏదుపంది కంటకమ్మది. వానాకాలం నాలుగు నెలలూ అందరూ తినేది అందులోంచే. ఆ ఏడు కొట్టు పైకప్పు చిల్లులు పడింది. పది రోజుల్లో వానలని చీమలు గుడ్లు మోసుకుపోతూ చెప్పాయి.

కప్పులమ్మేది నక్క. టేకాకుల కప్పు, ఏడాదికి మించి ఉండదు. చిల్లు పడితే ఎవరికి వాళ్ళు మాటు వేసుకోకూడదు, లోపల ఎలా కుట్టారో విప్పి చూడకూడదు, ఇదీ నక్క షరతు.

గిజిగాడి గడ్డి అల్లిక వేరు. ఎవరడిగినా నేర్పేవాడు. ఉడత ఒక ముడి కలిపింది, పిచ్చుక ఇంకోటి సరిచేసింది. షరతల్లా ఒకటే, కలిపింది నలుగురికీ చూపాలి.

"గడ్డి నీది, ముక్కులు మావి. నాలుగు రోజుల్లో అయిపోద్ది అక్కా" అన్నాడు గిజిగాడు కంటకమ్మతో.

సగం అల్లేసరికి నక్క నోటీసు పట్టుకొచ్చింది.

"ఆ అల్లికలో మా తాతగారి ముడి ఒకటుంది కంటకమ్మ గారూ. వాడుకున్నవాళ్ళ కొట్టు నాకు రావాలి."

"ఏ ముడి?"

"చెబితే విప్పేస్తారుగా."

"విప్పేస్తే ఇక గొడవేముంది?"

"అందుకే చెప్పను" అని నక్క మర్యాదగా వెళ్ళిపోయింది.

కంటకమ్మ ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. కొట్టు పోతే పిల్లలకేం పెట్టాలి? ప్లీడరు తొండ దగ్గరికి పరుగెత్తింది.

"దావా వేస్తే నక్క గెలుస్తుందాండీ?"

తొండ తల పైకీ కిందకీ ఆడించింది.

"గెలుస్తుందనా?"

మళ్ళీ అలాగే ఆడించింది. "గెలవొచ్చు, గెలవకపోవచ్చు. నేను చెప్పానని మాత్రం ఎక్కడా అనకు."

కంటకమ్మ పని ఆపించింది. గిజిగాడు అల్లికలోని నాలుగు వందల ముడులూ ఒక్కొక్కటే ముట్టుకుని ఎవరు వేశారో చెప్పాడు. అందుకు రెండు రోజులు పట్టింది.

"ఇందులో నక్క తాత ఎక్కడున్నాడక్కా?"

"నువ్వు చెప్పినవాటిలో లేడు నాయనా. చెప్పనిదేమన్నా ఉందేమోనని."

చేసేది లేక నక్క కప్పే కొందామని వెళ్ళింది. కానీ అప్పటికి అనుమానం అలవాటైపోయింది.

"ఇందులో గిజిగాడి తాత ముడి లేదని ఏమిటి నమ్మకం? విప్పి చూపించు."

"విప్పకూడదు."

"అయితే ఉందన్నమాట."

ఈ మాట సాయంత్రానికల్లా అడవంతా పాకింది. నక్క కప్పులు కొనేవాళ్ళు లేక గుట్టలుగా పడ్డాయి. నోటీసు భయంతో గడ్డి కప్పు అల్లించుకునేవాళ్ళూ లేరు. అందరూ తొండ దగ్గర వరసలో నిలబడ్డారు. తొండ తల ఆడిస్తూనే ఉంది.

వానలు ఎనిమిదో రోజునే వచ్చాయి. వారం తిరిగేసరికి కంటకమ్మ కొట్టు పచ్చటి నారుమడి అయింది.

వాగు ఒడ్డున పందికొక్కుల గూడెం ఒక్కటే పొడిగా ఉంది. పైన గిజిగాడి గడ్డి కప్పు, కింద తమకోసం దాచుకున్న గింజలు. అడవంతా అక్కడికే పోయి దొన్నెలు చాపింది. ఆ వరసలో నక్క కూడా ఉంది, అమ్ముడుపోని టేకాకుల కప్పు గొడుగులా పట్టుకుని. అది కారుతోంది.

పిల్లలకింత పెట్టించుకుని కంటకమ్మ పందికొక్కుల పెద్దని అడిగింది. "మీకు నోటీసు రాలేదా అన్నా?"

"వచ్చిందమ్మా. మేలురకం కాగితం. కొరికేశాం."

నీతి: నోటీసు వస్తే ప్లీడరుకి చూపించేముందు ఒకసారి కొరికి చూడాలి.