చేదుకు చెదరని ముఖం

ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, ఈ కంపెనీలో ఇకపై పదోన్నతులు నెగ్రోనీని బట్టే ఇవ్వబడతాయి. నెగ్రోనీ అంటే ఇటలీవాళ్లు భోజనానికి ముందు ఆకలి పుట్టడానికి తాగే ఎర్రటి చేదు మందు. డైరెక్టరుగారు విదేశీ పర్యటన నుంచి దాన్నీ, దాంతోపాటు సంస్కారాన్నీ వెంటబెట్టుకొచ్చారు. కంపెనీలో సంస్కారం లేదన్న సంగతి అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

నియమం చిన్నదే. ప్రతి శుక్రవారం సాయంత్రం ఆఫీసర్లు మీటింగు హాల్లో తలో గ్లాసు పుచ్చుకోవాలి. ముఖం చిట్లించకూడదు. "చేదు మింగి చిరునవ్వు నవ్వగలిగినవాడే నాయకుడు" అని డైరెక్టరుగారు సెలవిచ్చారు. ఆఫీసర్లు చప్పట్లు కొట్టి, తాగి, గోడవైపు తిరిగి పెట్టవలసిన ముఖాలు అక్కడ పెట్టుకుని, మళ్లీ ఇటు తిరిగి ఆహా ఓహో అన్నారు.

మన డిప్యూటీ మేనేజరు మాత్రం గోడవైపు తిరగడం మరిచిపోయాడు. మొదటి గుటకకే ఆముదం తాగిన ముఖం పెట్టాడు. డైరెక్టరుగారు చూడనే చూశారు. మేనేజరు కుర్చీ ఖాళీ అయిన వారమే ఇలా జరగాలా! ఆ కుర్చీ కోసం పాపం అతని కళ్లు కాయలు కాశాయి.

ఇంటికెళ్లి భార్య దగ్గర వాపోయాడు. ఆవిడ తమ్ముడు అదే కంపెనీ గోడౌన్లో పనిచేస్తాడు, వాళ్లింట్లోనే ఉంటాడు. బావ దిగులు చూడలేక మర్నాడే మూడు సీసాలు కొనుక్కొచ్చాడు. సాధన మొదలైంది. పిల్లల దగ్గుమందు మూతతో జిన్ ఒక మూత, వెర్మూత్ అనే తీపి ద్రాక్షసారా ఒక మూత, ఆ రంగూ ఆ చేదూ తెచ్చే ఎర్రటి లిక్కరు ఒక మూత. ఐసుముక్కల మీద పోసి, గిలకొట్టకుండా చెంచాతో నిదానంగా తిప్పి, నారింజ తొక్క నూనె పైన చిందేలా నులిమి అందులో వేయాలి. బావమరిది కలిపి అందించేవాడు. అక్కాతమ్ముళ్లిద్దరూ ఎదురుగా కూర్చుని అతని ముఖం కాపలా కాసేవారు.

"కుడి కనుబొమ్మ లేచిందండీ" అనేది భార్య.

"ముక్కు కదిలింది బావా. ఇంకోటి కలపనా?" అనేవాడు బావమరిది.

కొన్నాళ్లకు ముఖం దారికొచ్చింది. కూతురు పరీక్ష తప్పినా కదల్లేదు. ఇస్త్రీపెట్టె కాలిమీద పడ్డా కదల్లేదు. భార్య జ్వరంతో మూలుగుతుంటే పక్కనే కూర్చుని ప్రశాంతంగా కాఫీ తాగాడు. విద్య పట్టుబడిందని ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు.

ఆ శుక్రవారం అతనే స్వయంగా కలిపి అందరికీ అందించాడు. తన గ్లాసు నిలబడ్డపాటున ఖాళీ చేసి, ఇంకోటి అడిగాడు. డైరెక్టరుగారు పరవశించి అతన్ని తమ గదిలోకి తీసుకెళ్లి, మేనేజరు ఉద్యోగమిచ్చి, మొదటి పని అప్పగించారు. ఖర్చు తగ్గించడానికి గోడౌన్ మూసేస్తున్నారు. అక్కడివాళ్లందరికీ ఆ మాట ఎదురుగా నిలబడి చెప్పాలి. డైరెక్టరుగారిది సున్నితమైన మనసు, చెప్పలేరు.

"ఇలాంటి ముఖం కోసమేనండీ ఇన్నాళ్లూ వెతికింది" అని ఆయన మరో గ్లాసు చేతికిచ్చారు.

బావమరిది సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. చేదుతోపాటు దాన్నీ మింగేశాడు.

సోమవారం పొద్దున గోడౌన్లో, పెట్టెల మధ్య, రేపటినుంచి రావక్కర్లేదని చెప్పాడు. వారి సేవలను కంపెనీ ఎన్నటికీ మరువదని కూడా చెప్పాడు. ముందువరసలో నిలబడ్డ బావమరిది అలవాటుకొద్దీ అతని కనుబొమ్మ చూశాడు, ముక్కు చూశాడు.

"ఈసారి ఏదీ కదల్లేదు బావా" అన్నాడు.

సాయంత్రం భార్య మూడు సీసాలూ సింకులో వంపేసి, తమ్ముడి బట్టలు సర్దిచ్చి అతన్ని పుట్టింటికి పంపింది. కొత్త మేనేజరు గుమ్మంలో నిలబడి చూశాడు. ఏడవాలనే అనుకున్నాడు. ముఖం ఒప్పుకోలేదు. మర్నాడు ఆఫీసులో, గోడౌన్లో అతను చూపిన నిబ్బరం గురించి చెప్పుకోనివాడు లేడు.

ఇంతదాకా చదివినా తమరు ముఖం చిట్లించలేదని గమనించడమైనది. దిగులుపడవద్దు. తమరికి తగిన కుర్చీ కూడా త్వరలోనే ఖాళీ అవుతుంది.