కడుపు తిప్పని అభ్యర్థి

మానవజాతి సముద్రాన్ని ఎప్పుడో జయించింది. అందుకు ముందుగా ఒక సంఘం ఆమోదం కావాలన్న సంగతి మాత్రం పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో, మా విశ్వవిద్యాలయం ఆవరణలోనే తేలింది.

ఆ చలికాలం మద్రాసు నుంచి ఓడ బయలుదేరుతుంది. అండమాన్‌లో మనుషులు లేని దీవుల చుట్టూ తిప్పి, గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే సముద్ర తాబేళ్లను చూపిస్తారు. జంతుశాస్త్ర శాఖకు దక్కింది ఒకే ఒక్క చోటు. వెంటనే ద్వీపయాత్రా సన్నాహక సంఘం వెలిసింది. అధ్యక్షులు ఆచార్య వెంకటసుబ్బారావు గారు. (సముద్రంతో వారి పరిచయం గోడ మీది మ్యాపు వరకే.)

పోటీలో ఇద్దరు. ఒకరు ఆఫీసు సూపరింటెండెంట్ సుందరరావు. రెండోవాడు ఎమ్మెస్సీ చదివే రాజలింగు. చదువు మొదలైనప్పటి నుంచీ సీసాలో నానుతున్న తాబేలు పిల్లనే చూస్తున్నాడు. ప్రాణమున్న దాన్ని ఒక్కసారి చూడాలి. అతనికి ఇంకో కోరిక లేదు.

మొదటిది నిశ్శబ్ద పరీక్ష: తాబేలు బెదరకుండా పక్కకు చేరాలి. తాబేలు దొరకలేదు కాబట్టి లాలాపేట్‌లో ఒక గేదెను నియమించారు. రాజలింగు దాని పక్కకు చేరి కూర్చున్నా అది నెమరు ఆపలేదు. సుందరరావు రబ్బరు బూట్లు కిచకిచమన్నాయి. గేదె ఆయన్ను తార్నాక రోడ్డు దాకా సాగనంపింది.

ఇక అసలు పరీక్ష, ఓడ ఊపుకు కడుపు తట్టుకుంటుందా అని. హైదరాబాదులో సముద్రం లేకపోవడం సంఘానికి అడ్డు కాలేదు. సికింద్రాబాదు పోయే డబుల్ డెక్కర్ బస్సు పై అంతస్తును సముద్రంగా ప్రకటించారు.

"పైన కక్కుడు పరీక్షనా?" అన్నాడు కండక్టర్. "మంచిగనే ఉన్నది. మరి కడుగుడు పరీక్ష ఎవలు రాస్తరు సార్?"

తార్నాక చౌరస్తా దాటకముందే సుందరరావు తల కిటికీ బయటికి వెళ్లింది. సంఘం వారు వాంతుల మాత్ర వేశారు. కోలుకున్నారు. రాజలింగు పల్లీలు తింటూ కూర్చున్నాడు.

అధ్యక్షులు తీర్పు చెప్పారు. "నీకు వాంతి కాలేదు, కాబట్టి మాత్ర వేయలేదు. వేయలేదు కాబట్టి అది నీకు పనిచేస్తుందో లేదో తెలియదు. ఏమీ తెలియని కడుపును సముద్రం మీదికి ఎలా పంపమంటావయ్యా?"

"నాకు కక్కు రాదు సార్. పుట్టినకాన్నుంచి గంతే."

"అది అర్హత కాదు నాయనా, లోపం. సవరించుకుని రా."

రాజలింగు గదికొచ్చి ఇంటి యజమానురాలు లచ్చవ్వ కాళ్లావేళ్లా పడ్డాడు.

"ఏంది బిడ్డా, మంది కక్కకుండ మందు తాగుతరు. నువ్వు కక్కెతందుకు అడుగుతున్నవా?"

"తాబేలు కోసం అవ్వా."

లచ్చవ్వ పులిసిన చల్లలో పాసిపోయిన పప్పు కలిపి, ఆముదం పోసి ఇచ్చింది. రాజలింగు గిన్నె ఊడ్చి తాగాడు. లచ్చవ్వ ఆశగా చూసింది.

"ఇంకింత ఉన్నదా అవ్వా?" అన్నాడు.

ఓడ సుందరరావుతో వెళ్లిపోయింది.

ఆయన తిరిగొచ్చారు. ఎక్కినప్పటి నుంచి దిగేదాకా గదిలోంచి బయటికి రాలేదట. తెచ్చుకున్న మాత్రలన్నీ అయిపోయాయట. సన్నాహం సంపూర్ణంగా వినియోగమైందని సంఘం హర్షించి, వారి ఉపన్యాసం ఏర్పాటు చేసింది. అంశం: నేను చూసిన తాబేళ్లు. హాజరు తప్పనిసరి.

ముందు వరుసలోంచి రాజలింగు లేచాడు. "తాబేలు ఎంత పెద్దగుంటది సార్?"

సుందరరావు ఆలోచించారు. "బకెట్ కన్నా పెద్దదే," అన్నారు. (ప్రయాణమంతా ఆయన దగ్గరగా చూసింది దాన్నే.)

సభ చప్పట్లు కొట్టింది. రాజలింగు కడుపులో, జీవితంలో మొదటిసారి, ఏదో తిరిగింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గుమ్మం దాకా పరిగెత్తాడు గానీ అందుకోలేకపోయాడు.

"మాత్ర! మాత్ర తెండి!" అధ్యక్షులు ఆనందంతో కేకవేశారు. మాత్ర పనిచేసింది. రాజలింగు సముద్రయానానికి అన్ని విధాలా అర్హుడని అక్కడికక్కడే ప్రకటించారు.

ఓడ సంగతి సంఘం పరిధిలోకి రాదు.