సదాశివం గారి బాతుల అంచనా

ఇంగ్లండులోని వాట్‌ఫర్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న బాపట్ల వాస్తవ్యులు సదాశివం గారు ఈ శీతాకాలానికి అడవిబాతుల రాకపోకల నిపుణులుగా నియమితులయ్యారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. ఆయన శాకాహారి. తుపాకీని సినిమాల్లో తప్ప చూడలేదు. బాతుకీ కొంగకీ తేడా అడిగితే, అది సీజన్‌ని బట్టి ఉంటుందంటారు. ఈ రోజుల్లో నిపుణుణ్ణి ఇంతకుమించి ఎవరూ అడగడం లేదు.

నియామకం ఆఫీసు క్యాంటీన్‌లో జరిగింది. మేనేజరు రిచర్డ్‌కి చలికాలం వస్తే నార్ఫోక్ తీరానికి పోయి, బురదలో బోర్లా పడుకుని బాతుల్ని వేటాడే అలవాటు. "అవి ఎప్పుడు దిగుతాయో ఈమధ్య ఎవరికీ అంతుపట్టడం లేదు" అని ఆయన వాపోయారు. ప్రమోషన్ కోసం కాచుకుని ఉన్న సదాశివం గారు, "మాది తుఫాన్ల ఊరు. గాలి సంగతి నాకు వదిలేయండి" అన్నారు.

ఆనాటి నుంచి వాళ్ల ఫ్లాట్‌లో టీవీలో సీరియళ్లు పోయి రష్యా మేఘాలు వచ్చాయి. అక్కడ చెరువులు గడ్డకట్టాలి, తూర్పుగాలి తగలాలి, అప్పుడు బాతులు ఇటు బయల్దేరతాయి. ఈ కాస్త విషయాన్ని ఆయన కదిలే ఎర్రబాణాలతో పటం గీసి, శనివారం బాతులు దిగుతాయని చూపిస్తే, రిచర్డ్ మిగతా మేనేజర్లనీ వేటకు పిలిచేశారు. సంగతి తెలిసిన తెలుగు సంఘం శాలువా కప్పింది. "సైబీరియా బాతు రెక్క విప్పాలంటే వాట్‌ఫర్డ్ తెలుగువాడి వైపు చూడాల్సిన రోజు వచ్చింది" అని అధ్యక్షులు కోటయ్య అంకుల్ ప్రసంగించారు. బాతుల తరఫున ఎవరూ మాట్లాడలేదు.

అంచనా ప్రకారం శనివారం తెల్లవారేసరికి మేనేజర్లందరూ నార్ఫోక్ బురదలో పడుకున్నారు. సదాశివం గారు వెనక గొడుగు పట్టుకుని నిలబడ్డారు. ఆకాశం నిండా తూర్పుగాలే ఉంది. బాతు మాత్రం లేదు. బురద మోచేతుల దాకా వచ్చాక ఆయన ఫోను మోగింది. భార్య గిరిజ.

"ఏమండీ, మన పార్కు చెరువు నిండా బాతులే. ఎప్పుడూ చూడని రకాలు. రాత్రి మిగిలిన ఇడ్లీలు తెస్తే క్షణంలో ఊడ్చేశాయి. మళ్లీ పిండి రుబ్బనా?"

"కాస్త మెల్లిగా మాట్లాడు" అన్నారాయన.

"ఎవరు?" అన్నారు రిచర్డ్, బురదలోంచి.

సదాశివం గారు ఫోను పెట్టేసి లెక్క వేసుకున్నారు. నిజం చెబితే అంచనా తప్పు. చెప్పకపోతే తప్పు వాతావరణానిది. "ఇంటి నుంచే, గాలి గురించి" అన్నారు. "పైపొరల్లో దిశ మారిందట. బాతులు హాలండ్‌లో ఆగిపోయాయి." అక్కడికక్కడే ఫోనులోని పటంలో ఎర్రబాణాన్ని వెనక్కి తిప్పారు.

రిచర్డ్ లేచి బురద చేతితోనే కరచాలనం చేశారు. బాతులు ఎందుకు రాలేదో ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదన్నారు. సోమవారం సదాశివం గారు అంచనాల విభాగానికి అధిపతి అయ్యారు. గిరిజ మాత్రం ఆయనకు ఇడ్లీ వడ్డించడం మానేసింది. రాని బాతులకే సరిపోవడం లేదట.

ఇప్పుడు ఊళ్లో తెలుగువాళ్లందరూ వడ్డీ రేట్లు ఎప్పుడు తగ్గుతాయో, ఇల్లు ఎప్పుడు కొనాలో, వీసా నిబంధనలు ఎటు తిరుగుతాయో ఆయననే అడుగుతున్నారు. ఇంతవరకు ఆయన చెప్పిన చోట ఒక్క బాతూ దిగలేదని అందరికీ తెలుసు. నాకు గురువారం అపాయింట్‌మెంట్ దొరికింది. మీకు కావాలంటే కాస్త ముందుగా ఫోన్ చేసుకోండి, రద్దీ ఎక్కువగా ఉంది.